చాట మీద ముఖం

ఒక్క మీట నొక్కితే చాలు, చైర్మన్ చొక్కారావు గారి ముఖం లాబ్‌లోని తెరలన్నింటి మీదకీ ఎక్కి కూర్చుంటుంది. ఎక్కడమంటే అట్లా ఇట్లా ఎక్కడం కాదు. పిల్లలు ఏం తెరిచినా, ఏం రాసినా, దానికి పైన, కుడివైపు కింది మూలన, తెల్ల చొక్కా, బంగారు ఫ్రేము కళ్లద్దాలు, జోడించిన చేతులతో సహా, ఎవరు జరిపినా జరగకుండా కూర్చుంటుంది. భూమిక ఆ మీట మీద వేలు పెట్టింది గానీ నొక్కలేదు. బయట షామియానా గుంజలు పాతుతున్నారు, మైకులో ఎవడో పొద్దుటి నుంచి హలో హలో అని ఊదుతూనే ఉన్నాడు, వరండాలో ప్రిన్సిపాల్ లింగమూర్తి గారి చెప్పులు అటు పోతున్నాయి, ఇటు వస్తున్నాయి. ఇంకో గంటలో చైర్మన్ గారొచ్చి రిబ్బను కత్తిరిస్తారు. ఆలోపల ముఖం ఎక్కాలి, ఎక్కకపోతే ఈ పాత కంప్యూటర్లన్నీ తుక్కు లారీ ఎక్కుతాయని లింగమూర్తి గారు చెప్పేశారు. ఇంత చిన్న సంగతికి ఇంత కోపమెందుకని ఆమె తనను తానే అడిగింది. కోపం జవాబు చెప్పకుండా ఇంకాస్త పైకి పొంగింది.

అసలు ఆయన ముఖం లేని చోటు ఈ దారిలో ఉందా? కరీంనగర్ బస్టాండులో ఎక్కి జగిత్యాల రోడ్డు పట్టుకుని ఈ ఆడపిల్లల కాలేజీ దగ్గర దిగేలోపు ఎన్ని ఫ్లెక్సీలు! పుట్టినరోజుకొకటి, కొండగట్టుకు మాల వేసుకున్న వాళ్లకు స్వాగతమని ఒకటి, ఎవరో పోతే సంతాపానికొకటి. ఆ సంతాపంలో పోయినాయన ఫోటో చిన్నది, బాధపడుతున్న చొక్కారావు గారి ఫోటో పెద్దది. కాలేజీ గేటు మీద ఆయనే, బస్సు వెనకాల ఆయనే, మంచినీళ్ల కూలరు మీద కూడా ఆయనే, నల్లా తిప్పితే సరిగ్గా ఆయన గడ్డం కింది నుంచి నీళ్లొస్తాయి. సరే, ఒకప్పుడు ఈ చుట్టుపక్కల భూములు వాళ్లవి, ఇప్పుడు గ్రానైటు వాళ్లది, ఫంక్షన్ హాలు వాళ్లది, గేటు వాళ్లది, బస్సు వాళ్లది. వాళ్ల సొమ్ము, వాళ్ల సోకు. ఈ తెరలను నడిపే ప్రోగ్రాం, చాట, మాత్రం వాళ్లది కాదు. చాటలో ఆయనది ఒక్క అక్షరం లేదు, ఒక్క కామా లేదు. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, ఆ మాట పుట్టించిన వాళ్లు తప్పకుండా ఇటు జిల్లా వాళ్లే అయి ఉంటారని భూమిక పళ్లు కొరుక్కుంది.

చాట అన్న పేరు కూడా ఆమె పెట్టుకున్నదే. ఏదో ఆఫీసు కొత్తవి కొనుక్కుని వదిలించుకున్న కంప్యూటర్లు కాలేజీకి దానంగా వచ్చినప్పుడు చూసినవాళ్లంతా నవ్వారు. ఒక్కొక్కటీ లేవడానికే ఆపసోపాలు పడేది, లేచాక ఒక విండో తెరవమంటే పోయి టీ తాగి రావచ్చు, సగానికి మౌసులే లేవు. వీటికి జబ్బేమీ లేదు, నెత్తి మీద మోత ఎక్కువైంది, అంతే అని లాబ్ ఇన్‌ఛార్జి భూమిక ఒక్కతే అన్నది. మెరుపులు, నీడలు, కదిలే బొమ్మలు, ఊరికే కూర్చుని తినే సామానంతా దించేసింది. లినక్స్ ఎక్కించింది. ఇక తెర మీద ఏ విండో ఎక్కడ ఉండాలో చూసుకునే విండో మేనేజర్ ఒకటి కావాలి కదా, ఎవరైనా తీసుకోండి, మీకు నచ్చినట్టు మార్చుకోండి అని ఎవరో మహానుభావులు లోకానికి వదిలేసిన చిన్న ప్రోగ్రాం నెట్‌లో దొరికింది. దానికి సెట్టింగుల పేజీ అంటూ లేదు. రంగు మార్చాలన్నా, మీట మార్చాలన్నా ప్రోగ్రాంలోకే దిగాలి, ఆ వరుస దిద్దాలి, మొత్తం మళ్లీ కట్టాలి. ఒక్క కామా మరిస్తే తెర నల్లబడి కూర్చుంటుంది. మొదట్లో ఎన్నిసార్లు నల్లబడిందో, ఎన్నిసార్లు ఏడుపొచ్చిందో, ఏడుపు వచ్చిన ప్రతిసారీ ఇంకో అక్కర్లేని వరుస తీసేసింది. తీసెయ్యగా తీసెయ్యగా ఒక రోజు ఆ పాత యంత్రం మీట నొక్కగానే లేచి నిలబడింది. ఆ సంతోషం ఎవరికి చెప్పాలో తెలియక ఖాళీ లాబ్‌లో తనే ఒకసారి చప్పట్లు కొట్టుకుంది.

ఆ ప్రోగ్రాం పద్ధతి ఆమెకు ఎక్కడో చూసినట్టే అనిపించింది, ఎక్కడో తెలియడానికి కొన్నాళ్లు పట్టింది. కోరుట్ల ఇంట్లో తన తల్లి, అవ్వ ఎల్లక్క, ఒళ్లోని బీడీల చాట అది. ఎడమచేతి వైపు తడిపి కత్తిరించిన తునికాకు, నడుమ తంబాకు, కుడివైపు దారపు ఉండ, చుట్టినవి తన పొట్ట వైపుకు. అవ్వ చూపు వాకిట్లో ఉండేది, మాట పక్కింటావిడతో ఉండేది, చేతులు మాత్రం చాటలో తమ పని తాము చేసుకుపోయేవి. చిన్నప్పుడు ఒకసారి భూమిక తన పలక తెచ్చి ఆ చాట మీద పెట్టింది. చెంప ఛెళ్లుమంది. చాట మీద ఏం పెట్టద్దు, చెయ్యి తొవ్వ తప్పుతది అంది అవ్వ. కొట్టినందుకు ఏడ్చింది గానీ మాట మరిచిపోలేదు. ఇప్పుడు ఈ తెర కూడా అంతే. ఒక్క విండో తెరిస్తే తెరంతా దానిదే. రెండోది వస్తే మొదటిది జరిగి సగం ఇస్తుంది. మూడోది వస్తే మళ్లీ ఇద్దరూ సర్దుకుంటారు. ఏదీ దేన్నీ కప్పదు, ఏదీ దేని వెనకా దాక్కోదు, వెతుక్కోవడం లేదు, మౌసు పట్టుకుని పక్కకు నెట్టుకోవడం లేదు, వేళ్లకు దారి తెలుస్తుంది. అందుకే చాట అని పేరు పెట్టింది, పెట్టి దాన్ని కూడా నెట్‌లో అందరికీ వదిలేసింది. తెర పై అంచున విండోల పేర్లు చూపే గీతలో తెలుగు ఒత్తులు అక్షరాల నుంచి ఊడిపోయి పక్కన పడుతుంటే ఎస్టోనియా అనే దేశం నుంచి ఎవరో, తెలుగు ముక్క రానివాడు, వాటిని అతికించే ఉపాయం రాసి పంపాడు. ఆ దేశం ఎక్కడుందో భూమిక పటంలో వెతుక్కోవలసి వచ్చింది. ప్రోగ్రాం మొదట్లో, అందులో పని చేసిన వాళ్ల పేర్లన్నీ చిన్న అక్షరాల్లో ఉంటాయి, అతని పేరూ అక్కడ చేర్చింది. పని చేసినవాడి పేరు ఉంటుంది, ముఖం ఎవరిదీ ఉండదు. అక్కడి రివాజు అది.

ఇక్కడి రివాజు పొద్దున్నే లింగమూర్తి గారి జేబులోంచి పెన్‌డ్రైవుగా బయటికొచ్చింది. సార్ ఫోటో ఉందమ్మా, అన్నిట్ల పెట్టు అన్నారు. పోనీలే అనుకుంది భూమిక. వాల్‌పేపర్‌గా పెట్టి అన్ని యంత్రాలకూ పంపించింది, తెరలన్నీ చొక్కారావు గారితో నిండిపోయాయి, లింగమూర్తి గారి కళ్లు కూడా నిండాయి. ఏదీ, పిల్లలు పనిజేస్తె ఎట్లుంటదో సూపెట్టు అన్నారు. చూపించింది. విండో తెరవగానే సార్ మాయం. చాటలో ఖాళీ చోటు ఉండదు కదా, తెరిచిన విండో తెరంతా పరుచుకుంటుంది.

"గదేందమ్మా, సార్‌ను మొత్తానికే మింగింది?"

"వాల్‌పేపర్ అంటే గంతే సార్. ఎన్కకే ఉంటది."

వెనక ఉండడమన్న మాటే లింగమూర్తి గారికి మింగుడు పడలేదు. సరే, విండోల నడుమ కాస్త సందు వదిలి చూద్దామని భూమిక ఆ వరుస దిద్ది మళ్లీ కట్టింది. రెండు విండోల నడుమ సందులోంచి నిలువునా ఒక ముక్క చొక్కారావు గారు కనబడ్డారు, ముక్కు, సగం మీసం, దండం పెట్టిన చేతుల్లోంచి ఒక బొటనవేలు. లింగమూర్తి గారికి చెమటలు పట్టాయి. మీసమొక్కటి సూపెట్టినమని తెలిస్తే నా నౌకరి ఖతమమ్మా, సార్ పూరాగ కనబడాలె, అన్నిటి కన్న మీద ఉండాలె అని ఏడుపొక్కటే తక్కువగా చెప్పారు. అప్పుడు రాసింది ఈ చివరి వరుస, ఎప్పుడూ అన్నింటి పైనే ఉండే ముఖం. రాయడం చేతనైనందుకు తన మీద తనకే అసహ్యమేసింది. ఎవరిమీదా ఎవరూ ఎక్కకూడదని ఇన్నాళ్లు కూర్చుని కట్టినదానికి, ఎక్కేవాడి కోసం నిచ్చెన కూడా తన చేత్తోనే వేసింది.

అదొక్కటే అయితే బహుశా నొక్కేసేదేమో. ముందు తన యంత్రంలో పెట్టుకుని, అలవాటుగా పిల్లలు రాసే చిన్న ప్రోగ్రాం ఒకటి తప్పుతో నడిపి చూసింది. ఏమీ రాలేదు. మళ్లీ నడిపింది, మళ్లీ ఏమీ లేదు. అప్పుడు తట్టింది, రాసేది ఎడమ సగంలో, జవాబు కుడి సగంలో, ఆ సగం నిండిన తరువాత కొత్త వరుస ఎప్పుడూ అడుగునే వస్తుంది, ఎన్నో వరుసలో తప్పుందో ఏం తప్పో చెప్పే మాటలు అక్కడే పడతాయి, ఇప్పుడు ఆ మాటల మీద చొక్కారావు గారు దండం పెట్టుకుని కూర్చున్నారు. ఎడమవైపు పై మూలకు మారిస్తే అక్కడ పిల్ల రాసుకునే వరుసల మొదళ్లు పోతాయి. ఎక్కడ పెట్టినా ఏదో ఒకటి ఆయన కిందకు పోవలసిందే, ఎందుకంటే ఇక్కడ ఖాళీ అంటూ లేదు, ప్రతి చోటా ఎవరి పనో ఉంది. మొదటి వరుసలో కూర్చునే నవ్యశ్రీ మొన్నటిదాకా తప్పు రాగానే చేతులు వెనక్కి తీసుకునేది. లక్సెట్టిపేట నుంచి వచ్చి హాస్టల్‌లో ఉండి చదువుకుంటున్న పిల్ల, యంత్రం ఖరాబైందేమో, తన వల్లే అయిందేమో అని భయం. దాని తిట్లు కావమ్మా అవి, ఏడ తప్పిందో చెప్తున్నది, చదువు అని భూమిక పక్కన కూర్చుని ఎన్నిసార్లు చెప్పిందో. నిన్న ఆ పిల్ల ఎవరినీ పిలవకుండా అడుగు వరుస చదివింది, పైకి పోయింది, దిద్దింది, నడిపింది, ఎవరైనా చూశారా అని అటూ ఇటూ చూసి తనలో తనే నవ్వుకుంది. ఆ అడుగు వరుస మీద కూర్చుంటాడట ఈయన! వేరే చోటే దొరకలేదు! భూమికకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఫోను మోగింది. అవ్వ.

"తిన్నవా బిడ్డా?"

"తినలే అవ్వా. పని మీదున్న."

"గొంతేంది గట్లున్నది?"

చెప్పకూడదనుకుంటూనే చెప్పింది. ఫోటో సంగతి, లారీ సంగతి, అడుగు వరుస సంగతి. అవతల అవ్వ బీడీ చుడుతూనే వింటున్నదని దారం పుటుక్కున తెగే చప్పుడును బట్టి తెలుస్తూ ఉంది.

"పెట్టరాదా బిడ్డా. ఫోటోనే గద. నీదేం బోతది?"

"పిల్లలకు కనబడదే అవ్వా."

"ఏం కనబడది?"

"వాళ్ల తప్పు."

ఎల్లక్క నవ్వింది. "తప్పు కనబడకుంటె మంచిదే గద! మా చెకర్‌కు గట్ల కనబడకుంటె మేం ఎప్పుడో బాగుపడుదుము. పెద్దోళ్లతోని పంచాయితి మనకెందుకు, జర తిను ముందు."

ఫోను పెట్టేశాక కూడా ఆ నవ్వు చెవిలో ఉండిపోయింది. అవ్వ మీద కోపం కాదు, అవ్వ చేత ఆ మాట అనిపించిన వాళ్ల మీద కోపం. బీడీల కార్ఖానా కళ్ల ముందుకొచ్చింది, గచ్చు మీద వరుసగా కూర్చున్న ఆడవాళ్లు, అవ్వ కొంగు పట్టుకుని తను, ఎత్తు బల్ల వెనక బీడీలు తనిఖీ చేసే చెకర్. కట్ట చేతిలోకి తీసుకునేవాడు, ఒత్తేవాడు, ఊహూ అని పక్కకు విసిరేవాడు. ఏం తప్పో చెప్పేవాడు కాదు. ఆకు చిరిగిందా, దారం వదులైందా, తంబాకు తక్కువైందా, ఒక్క మాట చెప్తే మర్నాటికి దిద్దుకునే వాళ్లు కదా! చెప్పడు. చెప్తే వాడి పెద్దరికం ఏం కావాలి? పైగా బాగాలేదని విసిరిన కట్టను తిరిగి ఇచ్చేవాడూ కాదు, అది వాడి బుట్టలోనే పడేది. అవ్వ నోరు మెదపకుండా ఖాళీ చాట చంకన పెట్టుకుని బయటికొచ్చేది, భూమిక మాత్రం గుమ్మం దాకా వెనక్కి తిరిగి వాణ్ణి చూస్తూనే నడిచేది. తరువాత ఆ కట్టలకు కాగితం చుట్టేవారు. కాగితం మీద కోటు తొడుక్కున్న సేఠ్ ముఖం గుండ్రంగా అచ్చేసి ఉండేది. కిరాణా దుకాణంలో ఆ కట్ట కనబడ్డప్పుడల్లా, అవ్వ చుట్టింది గదా, అవ్వ బొమ్మ ఎందుకు లేదని అడిగేది తను. దుకాణంలో వాళ్లు పొట్ట పట్టుకుని నవ్వేవారు. నవ్వే మాటేముంది అందులో అని అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియడం లేదు.

నీదేం బోతది అంటే ఏం చెప్పాలి? అవ్వకు తప్పు అంటే ఎప్పుడూ ఇంకొకడు పట్టుకునేది, పట్టుకుని పారేసేది. కనబడకపోతే బతికిపోయినట్టు. తెర అడుగున పడే ఆ ముక్క బల్లెక్కి కూర్చోదు, విసిరెయ్యదు, నీ కట్ట లాక్కోదు, ఫలానా వరుసలో కామా మరిచావు చూసుకో అంటుంది, అది చూసుకుని నవ్యశ్రీ తనంతట తాను దిద్దుకుంటుంది. ఆ ఒక్క ముక్క కోసం కాదా ఇంత కష్టం. వాళ్ల అమ్మలకెవరికీ దొరకనిది అది, ఈ పిల్లలకు దొరికింది, దొరికి నాలుగు రోజులు కాలేదు, అప్పుడే దాని మీద దండం పెట్టుకుంటూ ఒక పెద్దమనిషి. అయితే లారీ? లారీ నిజమే. లింగమూర్తి గారు భయస్థుడు గానీ అబద్ధాలకోరు కాదు, ముఖం లేని లాబ్ చైర్మన్‌కు అక్కర్లేదంటే అక్కర్లేదనే. యంత్రాలే పోయాక అడుగు వరుస ఎక్కడ చదువుతారు? మూలకు ఒక ముఖం ఉన్నా మిగిలిన తెరంతా ఉంటుంది కదా, అదైనా దక్కుతుంది కదా అని ఒక మనసు బుజ్జగించింది. ఇట్లా మూల మూలా ఇచ్చుకుంటూనే కదా మనం గోడకు ఆనుకుని నిలబడ్డది అని ఇంకో మనసు కసిరింది. వేలు ఇంకా మీట మీదే ఉంది. తప్పును తప్పని చెప్పే మాటనే కప్పేశాక ఇది లాబ్ కాదు, ఇంకో ఫ్లెక్సీ, కాకపోతే కరెంటుతో నడిచే ఫ్లెక్సీ. దానికోసం యంత్రాలు ఉంటేనేం, లారీ ఎక్కితేనేం. వేలు తీసింది. ముఖాన్ని పైన కూర్చోబెట్టే వరుసను వెతికి మొదలంటా చెరిపింది, మళ్లీ కట్టింది, నడిపింది. అడుగు వరుస తెల్లగా కనబడింది. ఎందుకో కళ్లు మసకబారితే చున్నీతో తుడుచుకుంది.

అప్పుడే పిల్లలు బిలబిలమంటూ వచ్చి ఎవరి చోట వాళ్లు కూర్చున్నారు, వెనకాలే డప్పులు, డప్పుల వెనక చైర్మన్ గారు. రిబ్బను తెగింది, మెడలో దండతోనే చొక్కారావు గారు లోపలికి వచ్చి ఆగిపోయారు. ఎవరూ ఇంకా ఏమీ తెరవలేదు కాబట్టి ప్రతి తెర నిండా వాల్‌పేపర్‌గా ఆయనే ఉన్నారు, వరుస వెంట వరుస, అందరు చొక్కారావులూ ఒకేసారి ఆయనకు దండం పెడుతున్నారు. ఆయన ముఖం వికసించింది. లింగమూర్తి గారు ఊపిరి వదిలి, భూమిక వైపు చూసి కృతజ్ఞతగా తలాడించారు.

"శెబ్బాష్ లింగమూర్తీ. లాబ్ అంటె గిట్లుండాలె."

"అంతా మీ దయ సార్."

"గీ ఫోటోలు దిగేదాంక అని గాదు. ఎప్పటికి గిట్లనే ఉండాలె. ఎవలు ముట్టద్దు."

ముట్టద్దు అన్న మాట వినగానే పిల్లలందరూ, ఒక్కరు కూడా తప్పకుండా, కీబోర్డుల మీద నుంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. నవ్యశ్రీ అయితే కుర్చీని కూడా కాస్త వెనక్కి జరుపుకుంది. భూమిక చూసింది అదే. ఫోటోగ్రాఫర్ జరగమ్మా అంటున్నాడు, ఆమె జరగలేదు. నేరుగా మొదటి వరుసకు నడిచింది, లారీ మనసులో మెదిలింది, మెదిలితే మెదలనీ అనుకుంది, నవ్యశ్రీ భుజం మీదుగా చెయ్యి చాపి రెండు మీటలు కలిపి నొక్కింది. నల్లటి విండో తెరంతా పరుచుకుంది. చొక్కారావు గారు అక్కడ లేరు, గీత ఒకటి మిణుకుమిణుకుమంటూ ఉంది.

"నిన్నటిది పూర్తి చెయ్యమ్మా" అంది భూమిక.

నవ్యశ్రీ ఆమెను చూసింది, చైర్మన్ గారిని చూసింది, కుర్చీ ముందుకు లాక్కుని రాయడం మొదలుపెట్టింది. పక్కపిల్ల ఆ తెరను చూసి తన రెండు మీటలు నొక్కింది. ఆ పక్కపిల్ల, దాని వెనక పిల్ల. వరుసలు వరుసలుగా మీటల చప్పుడు లాబ్ చివరిదాకా పోయింది, ముఖాలన్నీ పోయి తెరలన్నీ నల్లబడ్డాయి, వాటి మీద తెల్లటి అక్షరాలు ఒక్కొక్కటిగా పడుతున్నాయి. ఫోటోగ్రాఫర్ కెమెరా దించాడు. లింగమూర్తి గారు గోడ పట్టుకున్నారు.

"నా ఫోటో?" అన్నారు చొక్కారావు గారు.

భూమిక నవ్యశ్రీ పక్కనుంచి కదలకుండానే ఆయన వైపు తిరిగింది. 

"ఉన్నది సార్. వీళ్ల పని ఒడిసినంక కనబడ్తది."

"ఎప్పుడొడుస్తది?"

"ఇప్పుడే షురువైంది సార్."